షుగల్ మాఫీ

నిన్న ఫోన్‌లో ఒక వీడియో చూశాను. లోతైన మంచులో పికప్ కూరుకుపోయింది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలడం లేదు. ఆ మోత వినగానే నా ముక్కుకి కాలిన క్లచ్ వాసన తగిలింది.

ఖతర్‌లో మా బాపు ఒంటెల ఫారంలో డ్రైవర్. ఎండాకాలం సెలవులకు అమ్మా నేనూ వెళ్ళినప్పుడు ఒకరోజు నన్ను డ్యూటీకి తీసుకెళ్ళాడు. ఇసుక గుట్టలు చూపిస్తానని బండిని రోడ్డు దించాడు. పికప్ ఇరుసు దాకా దిగబడింది. టైర్లలో గాలి తీశాడు, చేతులతో ఇసుక తోడాడు. తోడినకొద్దీ ఇసుక మళ్ళీ జారి నిండింది.

చివరికి ఫోన్ చేస్తే యజమాని వచ్చాడు. బండినీ, నన్నూ చూసి, చెయ్యి అడ్డంగా ఊపుతూ "షుగల్ మాఫీ" అన్నాడు. బాపు అక్కడే ఇసుకలో కూలబడ్డాడు. మాఫీ అంటే క్షమించడమని మా ఊళ్ళో ఎవరికి తెలియదు?

"బాపూ, సేటు మాఫీ చేసిండు గదా, ఇంకెందుకు ఏడుస్తున్నవ్?"

"అవు బిడ్డా, చేసిండు" అన్నాడు, మొహం తుడుచుకుంటూ.

అక్కడ 'షుగల్ మాఫీ' అంటే 'పని లేదు' అని అర్థమని చాలా ఏళ్ళకు తెలిసింది. సెలవులయ్యాక బాపు మాతోపాటే ఇంటికొచ్చేశాడు. మళ్ళీ ఎవరూ పిలవలేదు.

ఖతర్ సేటు ఎంత మంచోడో ఆ ఏడాదంతా బడిలో అందరికీ చెప్పాను.