చిన్నమ్మ తరఫున నేను చెప్పిన జవాబు

పదో తరగతిలో నేను చేసిన ప్రసంగం నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. మరాఠీలో మూడు పేజీలు. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ వేలెత్తి చూపాలో అన్నీ గుర్తే. అప్పుడు చదివిన లెక్కలూ, భూగోళమూ ఎప్పుడో గాలికి పోయాయి. ఈ దిక్కుమాలిన ప్రసంగం మాత్రం పోదు. గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. ముందు నా మీద, తర్వాత అది రాసిచ్చిన వాళ్ల మీద, ఆ తర్వాత విని చప్పట్లు కొట్టిన ప్రతి ఒక్కరి మీద.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. ముంబయి దగ్గర భివండీలో, గైబీ నగర్‌లో ఉండేవాళ్లం. మా బాపు, ఆయన తమ్ముడు చిన్నాయన కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఒకే కార్ఖానాలో సాంచెలు నడిపేవాళ్లు. మరమగ్గాలను మేం సాంచెలనే అంటాం. పక్కపక్కనే రెండు ఖోలీలు, ఒంటిగది ఇళ్లు. ఒకదానిలో మేం, రెండోదానిలో చిన్నాయన, చిన్నమ్మ, వాళ్ల ముగ్గురు పిల్లలు. గోడ అవతలే కార్ఖానా కాబట్టి మా ఇళ్లలో ఎవరూ నెమ్మదిగా మాట్లాడరు. ఉప్పు ఎక్కడుందని అడగాలన్నా అరవాల్సిందే.

నేను మరాఠీ బడిలో చదివేదాన్ని. అందుకని గల్లీలో ఆడవాళ్లందరికీ నేనే నోరు. రేషన్ కార్డులో పేరు ఎక్కించాలన్నా, కరెంటు ఆఫీసులో కొట్లాడాలన్నా, దవాఖానలో నొప్పి ఎక్కడో చెప్పాలన్నా "జెర నువ్వు రా బిడ్డా" అని వచ్చేవాళ్లు. వాళ్లు తెలుగులో చెప్పింది నేను మరాఠీలో చెప్పేదాన్ని. పదిహేనేళ్లకే పెద్దదాన్నైపోయానని నాకు గర్వం. ఆ గర్వమే నా కొంప ముంచింది. కాదు, నా కొంప కాదు, చిన్నమ్మ కొంప.

ఆ సంవత్సరం బడిలో ప్రసంగాల పోటీ పెట్టారు. కడుపులో ఆడపిల్లను చంపొద్దు అన్నది అంశం. మరాఠీ చెప్పే టీచరమ్మ, మేం బాయి అనేవాళ్లం, నన్ను పిలిచి ప్రసంగం చేతిలో పెట్టింది. అది చదివిన రోజున నేను నిజంగా ఏడ్చాను. నేను మా ఇంట్లో రెండో ఆడపిల్లను. నేను పుట్టానని తెలిసి నాయనమ్మ దవాఖాన గుమ్మం దాకా వచ్చి, మొహం కూడా చూడకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఈ సంగతి మా ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్లు, చెప్పేది నాయనమ్మే. కాబట్టి ఆ కాగితంలోని ప్రతి మాటా నా గురించే రాసినట్టుంది. ఆడపిల్లలను అట్లా ఏరి పారేసేవాళ్ల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారదు కూడా.

కానీ ఆ మూడు పేజీల్లో ఇంకో సంగతి ఉంది. కడుపు తీయించుకోవడం అంటేనే ఖూనీ అని రాసి ఉంది. ఎవరు తీయించుకున్నా, ఎందుకు తీయించుకున్నా ఖూనీయే. చేసినవాళ్లకూ, చేయించుకున్నవాళ్లకూ జైలే. ఆడపిల్ల అని తెలుసుకుని తీసేయడం వేరు, ఈ కాన్పు నాకు వద్దు అని ఒక మనిషి చెప్పడం వేరు అని ఒక్క ముక్క లేదు. బాయికి తెలియక రాసిందో, ఎవరో ఇచ్చినది దించిందో నాకు తెలియదు. దవాఖాన గోడల మీద బొమ్మలు కూడా అట్లాగే ఉండేవి. పైన కత్తి, కింద పసిబిడ్డ. తల్లి బొమ్మ ఎక్కడా ఉండేది కాదు.

చిన్నమ్మకు అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. పెద్దది ఆడపిల్ల, ఏడో తరగతి. తర్వాత ఇద్దరు మగపిల్లలు. ఆడపిల్లా మగపిల్లా అన్న గొడవే ఆమెకు లేదు. మూడో కాన్పులో ఆగకుండా రక్తం పోయి, సీసాల మీద సీసాలు ఎక్కించి బతికించారు. ఇంకో కాన్పు వద్దని డాక్టరు గట్టిగానే చెప్పింది. చిన్నమ్మ ఆపరేషన్ చేయించుకుంటానంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. "గంత రక్తం పోయినదానికి మల్ల కోత ఏందే" అంది. చిన్నాయన "చూద్దాంలే" అన్నాడు. చూద్దామన్నవాడు ఆ తర్వాత ఏమీ చూడలేదు. మంచివాడే, తాగడు, కొట్టడు, నలుగురిలో పేరున్నవాడు. ఆ మంచితనాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు రగులుతుంది.

ఆ ప్రసంగం బట్టీ పడుతున్న రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేను కార్ఖానాకు చాయ్ పట్టుకెళ్లాను. చిన్నమ్మ అక్కడ సాంచెలకు దారం కండెలు చుట్టే మిషన్ మీద పని చేసేది. చుట్టూ సాంచెల మోత. గుట్టుగా మాట చెప్పడానికి మాకున్న చోటు అదొక్కటే, ఎందుకంటే చెవిలో నోరు పెడితే తప్ప ఎవరికీ ఏదీ వినబడదు. చిన్నమ్మ నా తల దగ్గరికి లాక్కుని చెప్పింది.

"నాకు మూడో నెల బిడ్డా. నాకు వద్దు. ఈసారి నేను బతకను, నాకు ఎరుకైతున్నది. రేపు దవాఖానకు పోదాం. నాకు వాళ్లతోని మాట్లాడరాదు, నువ్వు చెప్పు. ఇంట్ల తాకత్ సూదికి పోతున్నమని చెప్త. ఎవ్వలకు చెప్పకు."

నేను తలూపాను. ఆమె నా చెంప నిమిరి మళ్లీ దారం అందుకుంది.

మర్నాడు ధామన్‌కర్ నాకా దాకా ఆటోలో వెళ్లి, అక్కడి నుంచి నడిచాం. పెళ్లికి వచ్చిన పాత చీరల్లో మంచిది ఒకటి కట్టుకుని వచ్చింది చిన్నమ్మ. లైన్లో రెండు గంటలు కూర్చున్నాం. లోపల డాక్టరమ్మ నడివయసు మనిషి, అలిసిపోయి ఉంది, కానీ కసిరే మనిషి కాదు. ఏం ఇబ్బంది అని మరాఠీలో అడిగింది.

చిన్నమ్మ నా వైపు చూసింది.

"మూడో నెల. నీరసంగా ఉంటోంది, చూపించుకుందామని వచ్చింది" అని మరాఠీలో చెప్పాను.

డాక్టరమ్మ చిన్నమ్మ కంటి కింద రెప్ప లాగి చూసింది, గోళ్లు చూసింది. పిల్లలెందరని అడిగితే ముగ్గురని చెప్పాను. పోయినసారి కాన్పులో ఏం జరిగిందో చెప్పలేదు. ఆమె పెన్ను పక్కన పెట్టి నన్ను సూటిగా అడిగింది. "ఒంట్లో రక్తమే లేదు. ఈమెకు ఈ బిడ్డ కావాలా? అడుగు. వద్దనుకుంటే ఇక్కడే తీసేయొచ్చు, ఇంకా టైముంది."

నేను చిన్నమ్మను అడగలేదు. అటు తిరగను కూడా తిరగలేదు. "కావాలట" అని చెప్పేశాను.

"ఏమంటున్నదే?" అంది చిన్నమ్మ నెమ్మదిగా.

"చెయ్యరంట చిన్నమ్మా. గది ఖూనీ అంట. చేపిచ్చుకున్నోల్లను గూడ జైల్ల ఏస్తరంట."

డాక్టరమ్మకు ఏమనిపించిందో, చిన్నమ్మను నేరుగా చూసి, "ఠీక్ హై?" అని అడిగింది. చిన్నమ్మ ఒక క్షణం నా మొహం చూసి, తలూపింది. డాక్టరమ్మ ఎర్రటి గోలీలు రాసిచ్చి తర్వాతి మనిషిని పిలిచింది.

ఆటోలో చిన్నమ్మ ఏడవలేదు. మొగుడు సంతకం పెడితే కూడా చెయ్యరా అని ఒక్కసారి అడిగింది. చెయ్యరని చెప్పాను. నా గుండె ఎంత పొంగిపోయిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఒక ప్రాణం కాపాడానని అనుకున్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

పోటీలో నాకే మొదటి బహుమతి వచ్చింది. గణపతి పండగకు మా గల్లీ మండపంలో ఆ ప్రసంగం మళ్లీ చేయించారు, ముందు మరాఠీలో, తర్వాత తెలుగులో. ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నాయనమ్మ కూడా తుడుచుకుంది, నా మొహం చూడకుండా తిరిగిపోయిన నాయనమ్మ. చిన్నమ్మ ఆరో నెల కడుపుతో ముందు వరసలో చాప మీద కూర్చుని ఉంది. ఖూనీ అన్న చోట నేను వేలెత్తి చూపించాను, బాయి నేర్పినట్టే. అయిపోయాక అందరితో పాటు ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

కాన్పులో మళ్లీ రక్తం ఆగలేదు. ఈసారి గర్భసంచి తీసేస్తే గానీ మనిషి దక్కలేదు. ఇరవై రోజులకు ఇంటికొచ్చింది. పుట్టింది ఆడపిల్ల. చూశారా, నేను లేకపోతే ఈ ఆడపిల్ల ఉండేదా అని మనసులో ఎగిరాను. ఆ ఎగరడం ఎన్నాళ్లో నిలవలేదు. చిన్నమ్మ మళ్లీ మిషన్ ముందు కూర్చోలేకపోయింది. గంట కూర్చుంటే నడుము పట్టేసేది, నాలుగు బిందెలు మోస్తే మంచం ఎక్కేది. ఆమె కూలి రాకపోతే ఇల్లు గడవదు. అందుకని ఏడో తరగతి చదువుతున్న పెద్దపిల్లను బడి మాన్పించారు. పొద్దున్నంతా చెల్లెలిని ఎత్తుకునేది, మధ్యాహ్నం నుంచి తల్లి మిషన్ మీద కండెలు చుట్టేది. లెక్కల్లో అది నాకంటే చురుకు. దాని బడిసంచీలో నాయనమ్మ ఉల్లిగడ్డలు పోసుకుంది.

ఆడపిల్లను కాపాడండి అని మండపమెక్కి అరిచిన దాన్ని, పక్క ఖోలీలో ఆడపిల్ల బడి మానేస్తుంటే ఒక్క మాట అనలేదు. ఎవరూ అనలేదు. బహుమతి ఇచ్చిన వాళ్లు వచ్చి అడగలేదు. కత్తి బొమ్మ గీసిన వాళ్లు వచ్చి అడగలేదు. బాయి మాత్రం ఒకసారి, మీ చెల్లెలు బడికి రావడం లేదేమని నన్ను అడిగింది. ఇంట్లో పని ఉందని చెప్పాను. అలాగా అంది.

డిగ్రీ అయ్యాక ఆడవాళ్ల ఆరోగ్యం మీద పనిచేసే ఒక చిన్న సంఘంలో చేరాను. శిక్షణలో మొదటి వారమే చట్టం చెప్పారు. నేను పుట్టకముందే వచ్చిన చట్టం. చిన్నమ్మలాంటి మనిషికి, ఆ నెలల్లో, ఆమె ఒంటికి ప్రమాదం ఉన్నప్పుడు డాక్టరు తీసేయొచ్చు. మొగుడి సంతకం అక్కర్లేదు. అత్త అనుమతి అక్కర్లేదు. ఆమె ఒప్పుకుంటే చాలు. ఈ నాలుగు మాటలు ఆ గోడ మీద రాస్తే ఎవడి సొమ్ము పోయేది? కత్తి గీయడానికి చోటు దొరికింది గానీ ఇది రాయడానికి చోటు దొరకలేదా?

ఇప్పుడు సభలకు నన్ను పిలుస్తారు. ఫెమినిస్టు అని వెనక వెక్కిరిస్తారు, ముందు మేడం అంటారు. ప్రతి సభలోనూ ఎవరో ఒక పెద్దమనిషి లేచి, పుట్టబోయే ప్రాణం సంగతేమిటి అంటాడు. చిన్నమ్మ కథ పేర్లు లేకుండా చెబితే, మరి ఆ పుట్టిన పాప ఇప్పుడు బాగానే ఉంది కదా, ఆ పాప లేకపోతే బాగుండేదంటారా అని అడుగుతాడు, గెలిచేశానన్నట్టు. ఆ పాపను నా చంకలో పెంచాను. అది నా ప్రాణం. నా మీద ఎగబడి నా జడ లాగుతుంది, నా చున్నీలు ఎత్తుకుపోతుంది. దాని మొహం అడ్డం పెట్టి, తల్లిని ఒక్క మాట అడగకపోవడం మంచిదే అయిందని నాకు చెప్పడానికి వీళ్లెవరు? చావు తప్పి బయటపడిన మనిషిని, బడి పోయిన పిల్లను ఏ లెక్కలో వేస్తారు? నేను ఆ పాప వద్దని అనడం లేదు. చిన్నమ్మను అడగాల్సింది అంటున్నాను. ఇంత చిన్న మాట వాళ్ల బుర్రకెక్కదు.

అన్ని సభల్లో అంత మాట్లాడిన దాన్ని, చిన్నమ్మకు మాత్రం ఏళ్ల తరబడి చెప్పలేదు. సాంచెలు తగ్గిపోయి చిన్నాయన ఒక గోదాములో వాచ్‌మన్‌గా చేరాక వాళ్లు అంజూర్ ఫాటా వైపు మారారు. ఒక ఆదివారం వెళ్లాను. ఇంట్లో చిన్నమ్మ ఒక్కతే ఉంది. రెడీమేడ్ చొక్కాల కుప్ప ముందు కూర్చుని, కుట్టు దగ్గర మిగిలిన దారాలు కత్తిరిస్తోంది. నేనూ ఒక కత్తెర తీసుకుని పక్కన కూర్చున్నాను. ఇక దాచుకోలేక చెప్పేశాను. ఆ రోజు డాక్టరమ్మ చెయ్యనని అనలేదని, నీకు కావాలో వద్దో అడగమందని, నేనే కావాలని చెప్పానని.

చిన్నమ్మ కత్తెర ఆపలేదు.

"నాకు ఎరుకే" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏం ఎరుక?"

"భివండికి వచ్చి అప్పటికే పన్నెండేండ్లాయె. మాట్లాడరాదు గని, ఇంటే సమజ్ కాదా? గామె అడిగింది ఇన్న. నువ్వు చెప్పింది గూడ ఇన్న. నీ నోట్లకెళ్లి నిజం వస్తదేమోనని ఆటోల మల్ల అడిగి చూసిన."

"మరి ఎందుకు ఊకున్నవ్ చిన్నమ్మా? ఠీక్ హై అని నిన్నే అడిగింది గద. వద్దని చెయ్యన్న ఊపకపోయినవ్."

ఆమె చొక్కా మడిచి పక్కన పెట్టి, ఇంకోటి ఒళ్లోకి తీసుకుంది.

"ఎట్ల ఊపుదు? ఊపితే నువ్వు ఇంటికి పోయి అందరికి చెప్తవ్. ఖూనీ చేసిందని చెప్తవ్. నీ మొకం గట్లనే ఉండె" అంది. "మీ నాయనమ్మకు చెప్పకుంట వచ్చిన, మీ చిన్నాయనకు చెప్పకుంట వచ్చిన. ఆళ్లకు భయపడలే బిడ్డా. గా దినం నీకు భయపడ్డ."