పెళ్లి పిలుపూ నా ప్రమోషనూ

ఉక్కునగరం క్వార్టర్సులో మగాడి నిద్రకున్న విలువ ఆడదాని ఉద్యోగానికి లేదు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. మా ఆయనది స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. రాత్రంతా పని చేసి వచ్చి పడుకుంటే మా అత్తగారు మిక్సీ వేయరు, కాలింగ్ బెల్ ఆపేస్తారు, చీపురు కూడా ముట్టుకోరు. నేను ద్వారకా నగర్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసులో పని చేస్తాను. ఆవిడ దృష్టిలో నాది కాలక్షేపం.

ఆఫీసులో బ్రాంచి ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయింది. ఏళ్ల తరబడి దాని మీదే ఆశ పెట్టుకున్నాను. విదేశంలో ఉండే మా పెద్ద మేనేజరు వీడియోలో ఇంటర్వ్యూ చేస్తానన్నాడు. ఆ రోజు నాకు ఇంటి నుంచే పని. ఎవరినీ నా గదిలోకి రానివ్వొద్దని ముందురోజే అత్తగారి కాళ్లావేళ్లా పడ్డాను. "నాకు తెల్దేటి, అలాగేలే" అన్నారు.

ఇంటర్వ్యూ సగంలో ఉండగా ఊరి నుంచి ఆవిడ తోడికోడలు, అంటే మా చిన్నత్త, కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చింది. మా వైపు బొట్టు పెట్టి చెప్పకపోతే పిలిచినట్టే కాదు. హాల్లో అత్తగారి గొంతు వినపడింది.

"మెల్లగా రాయే, బాబు డూటీ సేసొచ్చి తొంగున్నాడు."

ఇద్దరూ పిల్లుల్లా ఆయన గది దాటి, నా గది తలుపు మాత్రం తోసుకుని వచ్చేశారు. వద్దని చెయ్యి ఊపాను. "ఉండమ్మా, నిమిసం పనే" అంటూ చిన్నత్త కెమెరా ముందే నా గడ్డం పట్టుకుని బొట్టు పెట్టేసింది.

"మీకు ఇంటి బాధ్యతలు ఎక్కువేమో" అన్నాడు మేనేజరు. అంతకుముందు ఒక మీటింగులో అతని చంటిపాప వచ్చి ఒళ్లో ఎక్కితే అందరం మురిసిపోయి టాటా చెప్పాం. వాళ్లింట్లో బిడ్డ అడ్డొస్తే అతను మంచి తండ్రి. మా ఇంట్లో అత్త అడ్డొస్తే నేను పనికిరానిదాన్ని. పోస్టు వేరేవాళ్లకి ఇచ్చాడు.

"పెద్దోళ్లు పిలుపుకొత్తే తలుపేసుకుంటారేటి?" అన్నాడు మా ఆయన. ఆ పెద్దోళ్లు నీ గదిలోకి ఎందుకు రాలేదని అడిగాను.

"నాను పని సేసి అలిసిపోయొచ్చాను కదా."

అత్తగారు మాత్రం కాఫీ పెట్టుకొచ్చి మరీ ఓదార్చారు. "పోన్లేమ్మా, మంచిదే అయింది. పెళ్లికి నాలుగ్రోజులు ముందే ఎల్లొచ్చు."

ఆ కాఫీ తాగలేదు. పెళ్లికీ వెళ్లలేదు. అక్కడ కోడలేదీ అని అడిగిన వాళ్లందరికీ, "దానిది పెద్ద ఉద్యోగం, తీరికుండదు" అని మా అత్తగారు గొప్పగా చెప్పుకున్నారట.