కాఫీ తాగినందుకు

న్యూయార్క్‌లో సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాదే నాకు జ్యూరీ డ్యూటీ పడింది, కోర్టులో తీర్పు చెప్పే పన్నెండు మంది పౌరుల్లో ఒకరిగా. పట్టుచీర కట్టుకు వెళ్దామా అన్నంత సంబరపడ్డాను. ఛీ, ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ముద్దాయికి నలభై ఏళ్ళుంటాయి. మత్తుమందుకు అలవాటుపడ్డ మనిషి. రోడ్డు మీద ఒకడు వణుకుతూ వచ్చి, "నాకిక్కడ ఎవరూ తెలీదు, కాస్త తెచ్చిపెట్టు" అని బతిమాలి ఇరవై డాలర్లు చేతిలో పెట్టాడు. ఈయన సందు చివరికి వెళ్ళి పొట్లం తెచ్చిచ్చాడు. ఒక్క సెంటు మిగుల్చుకోలేదు. వాడు ఇప్పించిన కాఫీ మాత్రం తాగాడు. వాడు మారువేషంలో ఉన్న పోలీసు. మత్తుమందు అమ్మాడని కేసు పెట్టారు.

జడ్జి విడమరిచి చెప్పాడు. కేవలం కొనేవాడి తరఫున వెళ్ళి తెచ్చిపెట్టినవాడు అమ్మినవాడు కాడు. ఏదో చిన్నది పుచ్చుకున్నంత మాత్రాన అమ్మినట్టూ కాదు. అమ్మాడని తేలిస్తే ఏళ్ళ తరబడి జైలేనని వెనక బెంచీలో అతని తల్లి ముఖమే చెబుతోంది.

జ్యూరీ గదిలో మిగతా పదకొండు మందిదీ ఒకటే మాట. "ముక్కూమొహం తెలియనివాడికి ఊరికే ఎవరు చేసిపెడతారు? ఆ కాఫీయే కమీషన్" అందొకావిడ.

ఎవరు చేస్తారా? నేను! అంతకు వారం ముందే ఇండియా నుంచి వచ్చాను. సూట్‌కేసులో సగం పరాయివాళ్ళ సరుకే. ఎవరి ఆవకాయో, ఎవరి అత్తగారి మాత్రలో! వెళ్ళినప్పుడల్లా మొహమాటానికి తలూపి మోసుకొచ్చేదాన్ని. తమ సరుకు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు సున్నుండల డబ్బా ఇచ్చేవారు. దాన్ని కమీషన్ అంటే జుట్టు పట్టుకునేదాన్ని.

ఆ మాట అక్కడ నోరు దాటలేదు. నా యాసకు నవ్వుతారేమోనని పిరికితనం. పైగా పొద్దున మా ఆయన, "రేపు నీ ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పెట్టుకుని అక్కడ పంతాలకి పోకు. అందరితోపాటు ఓట్ చేసి వచ్చెయ్" అన్నారు. చెయ్యెత్తాను. గంట కూడా పట్టలేదు.

కోర్టులో ఒక్కొక్కరినీ ఇది మీ తీర్పేనా అని అడిగారు. నా వంతు వచ్చేసరికి ఏం ఆశపడ్డాడో, ముద్దాయి తలెత్తి నన్నే చూశాడు. "యస్" అన్నాను. అతని తల్లి బెంచీలోనే కూలబడింది.

ఇంటికొస్తే గుమ్మంలో ఒకావిడ. ఆమె మాత్రల పొట్లం నేనే తెచ్చాను.

"అంత దూరం మోసుకొచ్చారు, ఇది తీసుకోకపోతే ఊరుకోను అక్కా" అంటూ సున్నుండల డబ్బా చేతిలో పెట్టింది.

తీసుకున్నాను. ఆ పొట్లంలో ఏం మాత్రలున్నాయో నేను విప్పి చూడలేదు. నన్నెవరూ అడగలేదు.