బ్లీచింగ్ నీళ్లు తిన్న అట్ట

మొన్న మా ప్రయోగశాలలో ఒక ఫలితం చూశాను. కణంలో డీఎన్ఏకు నకలు తీసే ఎంజైము, ఆక్సీకరణతో చెడిన జి అక్షరం దగ్గర తడబడి ఆగిపోతుంది. అప్పుడు మరో రకం ఎంజైము వచ్చి ఆ చోటు దాటించి, పని మళ్లీ మొదటిదానికి అప్పగిస్తుంది. చెడిన జికి ఎదురుగా సి పెట్టాల్సింది, ఆ రెండో ఎంజైము కొన్నిసార్లు ఎ పెడుతుంది. ఆ ఎ నుంచి తీసిన తరువాతి నకలులో దెబ్బ తాలూకు గుర్తేమీ ఉండదు. తప్పు మాత్రం శుభ్రంగా నిలిచిపోతుంది.

అలాంటి శుభ్రమైన తప్పు నేనూ ఒకటి చేశాను, రాయదుర్గంలో.

డిగ్రీ అయ్యాక, పై చదువుకు సీటు కోసం ఎదురుచూస్తూ, చిన్నాన్న జీన్స్ యూనిట్‌లో కొన్నాళ్లు పని చేశాను. ఆ రోజుల్లో అలాంటి యూనిట్లలో పనిచేసినవాళ్లకు తెలిసే ఉంటుంది: గుడ్డ మీద ప్యాంటు ముక్కల ఆకారంలో కోసిన అట్ట పరిచి, చుట్టూ గీత గీసి కత్తిరించేవాళ్లం. పక్కనే రంగు వెలిసేలా చేసే తొట్లు. ఆ బ్లీచింగ్ నీళ్లు చింది అట్టల అంచులు పొడిపొడిగా రాలేవి. అప్పుడు కొత్త అట్ట మీదికి నకలు తీయాలి. అంచు రాలిన చోట పెన్సిల్ ఆపి కటింగ్ మాస్టర్‌ను పిలవాలి. మేమంతా మామ అని పిలిచే ఆ పెద్దాయన కుట్టిన ప్యాంటు ఒకటి పరిచి, కొలిచి, గీత కలిపి, అక్కడ ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టేవాడు. "తెలీని చోట గీయొద్దప్పా. డిగ్రీ చదివినోడివి, నన్ను పిలిచేకి నామోషీనా?" అని నవ్వేవాడు.

నామోషీయే. ఒక శుక్రవారం మామ నమాజుకు వెళ్లినప్పుడు, పెద్ద ఆర్డరు కోతకు సిద్ధంగా ఉంటే, రాలిపోయిన పిరుదు వంపును కంటి అంచనాతో కలిపేశాను. ఎర్ర గుర్తు పెట్టలేదు. గీత అంత చక్కగా వచ్చిందన్న గర్వంతో పాత అట్టను పొయ్యిలో వేశాను.

మొదట తిరిగొచ్చిన ప్యాంట్లలో ఏది తొడుక్కున్నా కూర్చోవడం కుదరలేదు. "ఇది తొడుక్కున్న పెండ్లికొడుకు నిలబడే తాళి కట్టాల" అని కుట్టేవాళ్లు నవ్వారు. సరుకంతా వెనక్కి వచ్చాక ఎవరూ నవ్వలేదు. ఈ అట్ట ఎవరు గీసినారని చిన్నాన్న అందరి ముందూ అరిచాడు. మామ ఆ వంపు మీద బొటనవేలు ఒకసారి నడిపి, "నేనే సామీ, కండ్లు మసకబారినాయి" అన్నాడు. మెడలో టేపుతో నేను అక్కడే నిలబడి ఉన్నాను. మర్నాటి నుంచి ఆయన పనికి రాలేదు. ఇంకే యూనిట్‌లోనూ చూపు తగ్గిన మాస్టర్‌ను పెట్టుకోలేదని తరువాత విన్నాను. ఆ నెలలోనే నాకు సీటు వచ్చింది.

ఆ ఫలితం చూసిన మర్నాడే మామకు చెప్పేద్దామని రాయదుర్గం బస్సెక్కాను. ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. మామ పోయి రెండేళ్లట. ఆ గీత నాదని ఆమెకే చెప్పుకున్నాను. అత్త ఆశ్చర్యపోలేదు. "ఆయనకు ఆ పొద్దే తెలుసు. పిల్లోడు సదువుకు పోతాండాడు, వాళ్ల చిన్నాయన ఫీజు కట్టకుంటే యాడికి పోతాడు అన్నాడు. కడదాకా కండ్లు బాగానే ఉన్నాయప్పా ఆయనకు. సూదిలో దారం నాకు ఆయనే ఎక్కించేటోడు."

వచ్చేటప్పుడు చిన్నాన్న యూనిట్ ముందు నుంచే వచ్చాను. ఇప్పుడక్కడ అన్నీ కంప్యూటరే కోస్తుంది. ఏ కోత ఎవరు పెట్టారో పేరుతో సహా తెర మీద చూపిస్తుందట. మంచిదే. ఇక అక్కడ ఎవరి తప్పూ ఇంకొకరి మీద పడదు; తన మీద వేసుకుందామన్నా ఎవరికీ వీలుండదు.