గుమ్మం ముందు బూట్లు

ఉదయం తొమ్మిదయ్యేసరికి వీధిలోని కార్లన్నీ నగరానికి ఉద్యోగాలకు వెళ్లిపోతాయి. ఇక ఆ పెద్ద పెద్ద ఇళ్ల మధ్య మిగిలేది కుక్కలూ కెమెరాలూ, మూలింట్లో ఒంటరిగా ఉండే రిటైరైన టీచరమ్మ. కెమెరాలకు చోద్యం చూడటమే పని. పట్టపగలే మూడిళ్లు దోచుకుపోయాక, ఇంటికి మగదిక్కు ఉందనిపించాలని, ఆవిడ చనిపోయిన తన భర్త బూట్లను రోజూ గుమ్మం ముందు పెడుతోంది. ఆయన ఇప్పుడే విప్పి లోపలికెళ్లినట్టు ఒకటి కాస్త వంకరగా ఉంటుంది. కుడిదానికి ఆయన బొటనవేలు తోసిన ఉబ్బు. కొరియర్ వాళ్లొస్తే, ఖాళీ గదివైపు తిరిగి, "ఏమండీ, మీకేనేమో!" అని కేకేస్తుంది.

నిన్న ఆ బూట్లే పోయాయి.

"ఇంట్లోవేం పోలేదుగా మేడం? అదృష్టవంతులు," అన్నాడు కాలనీ గేటు దగ్గరి సెక్యూరిటీ, ఫిర్యాదుల పుస్తకం మూసేస్తూ.

"అవును బాబూ, ఇంట్లోవేం పోలేదు," అందావిడ.

సాయంత్రం అదే సైజు కొత్త జత కొనుక్కొచ్చింది. గుమ్మం ముందు పెట్టి చూసింది. మడతా మట్టీ లేని బూట్లను ఏ దొంగ నమ్ముతాడు? మళ్లీ లోపలికి తెచ్చి, తలుపు గడియపెట్టి, తనే తొడుక్కుని లేసులు బిగించింది. వంటింటి నుంచి పడగ్గదికీ, పడగ్గది నుంచి వంటింటికీ గంట నుంచీ నడుస్తోంది. ఆవిడ పాదం చిన్నది. ఆ ఉబ్బు ఇంకా రాలేదు.