అంచుల్లో తగ్గిన లెక్క

"స్పిరిట్ అతుకుల మీద చల్లావా మామా, గొంతులో పోసుకున్నావా?"

ఆ మాట లెక్కలవాడు నలుగురిలో అన్నాడు. ప్రయోగశాల గొల్లుమంది. మాట పడ్డ మనిషి చేతిలోని సీసాకు మూత బిగించి, బల్ల మీద పెట్టాడు.

ఆయన ముప్పై ఏళ్లుగా ఆ ఎక్స్‌రే యంత్రానికి పంపులు చూసే మేస్త్రి. జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. గొట్టాల ప్రతి అతుకు మీదా స్పిరిట్ చల్లి, గేజి ముల్లు ఉలిక్కిపడుతుందేమోనని కళ్లార్పకుండా చూసేవాడు. ముల్లు కదిలితే అక్కడ లీకు ఉన్నట్టే. అందుకే అందరికీ స్పిరిట్ మామ అయ్యాడు. లెక్కలవాణ్ణి నోరారా "అల్లుడూ" అనేవాడు.

అంతకుముందు జరిగింది ఇదీ. కొలిచి వదిలిన వాయువు మీద ఎక్స్‌రేలను ఒక్క క్షణంలో, కొరడా దెబ్బలా కొట్టారు. చెదిరిన కిరణాలు ఎదుటి తెర మీదికి పుస్తకంలోని పట్టిక ప్రకారం రావాలి. తక్కువొచ్చాయి. పట్టిక చూసి లెక్క కట్టింది లెక్కలవాడే. డిగ్రీ మధ్యలో వదిలేసి, పాత పుస్తకాలు నమిలి మింగి ఆ కుర్చీ దాకా వచ్చినవాడు. తప్పు లెక్కలో ఉందంటే కుర్చీ ఉండదు. గొట్టం లీకై వాయువు తగ్గిందన్నాడు.

మామ ఒక్కటే అడిగాడు. "లీకైతే అన్నివైపులా ఒకేలా తగ్గాలి కదా అల్లుడూ? తెర నడుమ కాస్తే తగ్గి, అంచుల్లో అంతెందుకు తగ్గింది?"

"పంపులు తుడిచేవాళ్లు కూడా ఫిజిక్స్ చెప్పేవాళ్లే!" అన్నాడు లెక్కలవాడు. ఆ ఊపులోనే స్పిరిట్ మాట కూడా విసిరాడు. ప్రయోగశాల పెద్ద సారు, లీకు తన తప్పేనని మామ చేత క్షమాపణ కాగితం రాయించుకుని, సామాన్ల గదికి మార్చేశాడు.

రెండేళ్లకు, ఒక మధ్యాహ్నం, లెక్కలవాడికి తను చేసిన పని అర్థమైంది. ఎక్స్‌రేలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు. పట్టిక రాసింది ఎలక్ట్రాన్లన్నీ తమ చోట్లలో ఉన్న పరమాణువు గురించి. అంత గట్టి దెబ్బలో ముందొచ్చిన కిరణాలే లోపలి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి, కొన్నిటిని పై మెట్టుకు ఎగరేస్తాయి. వెనకొచ్చిన కిరణాలకు దొరికేది దోచేసిన ఇల్లే. కిరణాలను దూరంగా, అంచులకు చెదరగొట్టేది ముఖ్యంగా ఆ లోపలి ఎలక్ట్రాన్లు. అవి పోతే ముందు వెలవెలబోయేవి అంచులే. మామ అడిగింది అదే.

కొత్తగా లెక్క కట్టాడు. గ్రాఫులో కొలతల చుక్క చుక్కా గీత మీద కూర్చుంది. వాడు బాత్‌రూంలోకి పోయి, కొళాయి విప్పి, అద్దం వైపు చూడకుండా ముఖం కడుక్కున్నాడు.

అయినా నివేదికలో "మెరుగైన పట్టిక వాడాము" అని మాత్రమే రాశాడు. లీకు ఊసెత్తలేదు. పెద్ద సారు భుజం తట్టాడు.

చెబుదామని సామాన్ల గదికి ఎన్నిసార్లు వెళ్లాడో! "ఏం కావాలి సార్?" అనేవాడు మామ. ఆ "సార్" వినగానే వచ్చిన పని పక్కన పెట్టేవాడు. వాషర్లు అడిగేవాడు. వాడి సొరుగు అక్కరలేని వాషర్లతో నిండింది. ఈలోగా మామ రిటైరయ్యాడు. క్షమాపణ కాగితం ఆయన ఫైల్లోనే ఉండిపోయింది.

చివరికి ఒకరోజు ఇంటికే వెళ్లాడు. వాళ్లిద్దరూ కలవడం అదే ఆఖరు. మామ గుమ్మంలో కూర్చుని, పక్కింటివాళ్ల కుక్కరు మూతకు రబ్బరు ఎక్కిస్తున్నాడు.

"ఎవరండీ?" లోపల్నించి భార్య అడిగింది.

"ఆఫీసు సారు."

లెక్కలవాడు నిలబడే అంతా చెప్పాడు. పట్టిక, అంచులు, ఎలక్ట్రాన్లు, కుర్చీ పోతుందన్న భయం, అన్నీ. "లీకు లేదు మామా. తప్పు నాది. నన్ను క్షమించు."

మామ రబ్బరును బొటనవేలితో చుట్టూ నొక్కి చూసుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

"లీకు లేదని నాకు ఆ రోజే తెలుసు. తెలిసినవాడి దగ్గరికొచ్చి చెప్తావేం? ఆ రోజు నవ్వినవాళ్లందరూ ఇంకా అక్కడే పనిచేస్తున్నారుగా. పొద్దున పదింటికి అందరూ ఉంటారు. వెళ్లి వాళ్లకు చెప్పు."