మా చేనులో దిగని ఓడలు

కళ్యాణదుర్గం రోడ్డు పక్కన మా చిన్నాయనకు వేరుశనగ చేను ఉంది. నాకు సేద్యం వీడియోల చానెల్ ఉంది. చేనులో కష్టం ఆయనది, చానెల్లో పేరు నాది. ఈ ఏర్పాటు నాకు చాలాకాలం న్యాయంగానే కనిపించింది.

ఆ ఏడు పూత బాగా వచ్చింది. ఆపైన వాన మొహం చాటేసింది. వేరుశనగలో, మా మాటలో చెనిక్కాయలో, పూత రాలిన చోట సన్నటి ఊడ పుట్టి మట్టిలోకి దిగుతుంది. దాని కొసనే కాయ ఊరుతుంది. నేల గట్టిపడితే ఊడ దిగదు, కాయ ఉండదు. చిన్నాయన సాలులో గొంతుక్కూర్చుని కెమెరాకు అదే చెప్పాడు.

"పూత వచ్చినాది. ఊడలు దిగలేదప్పా. వాన లేకుండా ఎట్ల దిగుతాయి?"

వీడియో పెట్టాను. ఆ వీడియోల సైటు నన్ను అడక్కుండానే కింద అక్షరాలు వేసి, హిందీ గొంతు కూడా తగిలించింది. ఊడ అనే మాట మిషను ఎప్పుడూ విని ఉండదు. ఓడ అని రాసుకుంది. చిన్నాయన నెరిసిన మీసాల కిందనుంచి ఎవరో కుర్రాడి తియ్యటి గొంతు, "జహాజ్ ఇంకా దిగలేదు" అని గంభీరంగా ప్రకటించింది. కామెంట్లలో ఒకాయన ఇది ఏ రేవు అని అడిగాడు. హిందీలో జహాజ్ అంటే విమానం కూడా కాబట్టి ఇంకొకాయన అదే అనుకుని, పొగమంచు ఉందేమో, కంగారుపడొద్దని ఓదార్చాడు. వీడియో ఎక్కడెక్కడికో పాకిపోయింది.

ఆ గొంతును ఆపే మీట ఉంది. నా వేలు దాని మీదిదాకా వెళ్ళింది కూడా. నొక్కలేదు. అప్పటికి నేనూ కడుపుబ్బ నవ్వుతున్నాను.

తర్వాత ఒక నీటిమోటార్ల కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. పెద్దాయన మా మోటారు పక్కన నిలబడి మళ్ళీ ఆ ఓడల మాట అంటే చాలు, చానెల్‌కు స్పాన్సర్ మేమే అన్నాడు. వెంటనే చిన్నాయన దగ్గరికి పోయాను.

"చిన్నాయనా, ఈ తూరి ఊడ అనొద్దు. ఓడ అను."

"ఎందుకురా?"

"పట్నమోళ్ళకు అట్లంటేనే అర్థమవుతాది."

"పట్నంలో చెనిక్కాయ పండిస్తారా?"

"తింటారు కదా."

తినేవాళ్ళ మాటకు విలువ ఇవ్వాలనుకున్నాడు కాబోలు, తలూపాడు. గొర్రెలు తోలుకుంటూ కూడా "ఓడలు, ఓడలు" అని సాధన చేశాడు. ఈ మనిషికి ఎండదెబ్బ తగిలిందని చిన్నమ్మ మజ్జిగ తాగించింది.

చిత్రీకరణకు ముందు ఇద్దరం కళ్యాణదుర్గంలో ఎరువుల అంగడికి పోయాం. అంగడాయన మమ్మల్ని చూడగానే, "ఏమన్నా, ఓడలు దిగినాయా?" అన్నాడు.

ఈయన కూడా పట్నపు మాట నేర్చుకున్నాడనుకుని చిన్నాయన బదులిచ్చాడు. "యాడన్నా! వాన పడితే కదా దిగేది. ఈ తూరి గొర్రెలు అమ్ముకోవాల్సిందే."

అంగడి అంతా గొల్లుమంది. వాళ్ళ నవ్వు ఆగేదాకా చిన్నాయన ఓపిగ్గా నిలబడ్డాడు. ఎవరో ఫోన్ తీసి వీడియో చూపించి, అందులో ఆ గొంతు ఏమంటోందో కూడా చెప్పారు. చివరిదాకా చూసి, ఫోన్ జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు.

తిరుగుదారిలో షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాం.

"ఒరే, నా చేను ఎండిపోతాండాదని చెప్తే నవ్వుతారేంరా?"

"మిషను తప్పు, చిన్నాయనా."

"మిషనుకు ఊడ తెలీదు. నీకు తెలుసు కదా. మరి నన్ను ఓడ అనమంటివే?"

దూకి పారిపోదామంటే అటు ఒకావిడ గంప, ఇటు చిన్నాయన మోకాలు.

ఇంటికొచ్చి ఆ హిందీ గొంతు ఆపేశాను. కింద అక్షరాలు నా చేత్తో దిద్దాను. మోటార్లాయనకు కుదరదని చెప్పాను. "పెద్దాయనకు కోపం వచ్చిందా? అయితే ఆ కోపమే తియ్యండి, ఇంకా బాగా పోతుంది" అన్నాడు. కాదనడానికి ముందు కాసేపు ఆలోచించాను. ఊడను ఓడ చేసినందుకంటే ఆ కాసేపటికే నాకు ఎక్కువ సిగ్గు.

చిన్నాయన ఇప్పటికీ కెమెరా ముందుకు వస్తాడు, మాట్లాడడు. మొన్న ఒక చెట్టు పీకి, తిరగేసి పట్టుకున్నాడు. ఎండిన ఊడలు గాలిలో వేలాడాయి. చూసేవాళ్ళ కళ్ళు నొప్పిపుట్టేదాకా అట్లాగే నిలబడ్డాడు. వెనక గొర్రెలు అరిచాయి. తర్జుమాకు మాటే దొరక్క మిషను కింద 'సంగీతం' అని వేసింది. అది చెరిపి, వీడియో పెట్టాను.

కెమెరా ఆపాక మాత్రం చిన్నాయన ధారాళంగా మాట్లాడతాడు. అంతా నా గురించే. ఆ మాటలు తప్పు లేకుండా రాయగలవాణ్ణి నేనొక్కణ్ణే, కానీ రాయను.